కప్పుటయా, కాపాడుటయా?



పంట ఇల్లు చేరి, బాటలు ఆరి, కొంచెము తీరిక దొరికిన దినములలో మన గ్రామములలో కొన్ని యిండ్ల ముంగిట ఒక పని జరుగుచుండుట చూచుచున్నాము. పాత మోటారు సైకిలునకు సైడు డబ్బాలు, మడ్డుగార్డులు విప్పి గోనెసంచిమీద పరచియుందురు. ప్రక్కన రంగు డబ్బా, థిన్నరు సీసా, బ్రష్షులు, గరుకు కాగితములు ఉండును. ఆ యింటి చిన్నవాడు మొట్టమొదటిసారి తన బండికి తానే రంగు వేసికొన పూనుకొన్నాడన్నమాట. ఇది మెచ్చదగిన పూనికయే. డబ్బు మిగులును, పని తెలియును, తన వస్తువుమీద తనకు శ్రద్ధ కలుగును.

అయితే ఈ చిన్న పనిలో ఒక పెద్ద ప్రశ్న దాగియున్నది. దానిని గూర్చి ఈ నెల మనము ఆలోచింతము. ఎవ్వరి కంటికిని కనబడని పనిని సరిగా చేయవలసిన అగత్యము మనకేమున్నది? చేయకపోయినయెడల మనము ఎవరికి అపరాధులము?

కూలికి పనిచేయువానికి ఈ ప్రశ్న అంత గట్టిగా తగులదు. పెయింటరు వద్ద బండి విడిచినవాడు సాయంకాలము వచ్చి చూచును, వంగి చూచును, వ్రేలితో తడిమి చూచును, లోపమున్నచో అడుగును. కాని తన ముంగిట తన బండికి రంగు వేసికొనువానిని అడుగువాడెవడు? పనివాడును తానే, పనిని పరీక్షించువాడును తానే. మడ్డుగార్డు లోపలి తుప్పు గీకెనో లేదో అతనికి మాత్రమే తెలియును. రంగు ఒక్క పూత పడినదా, ఆ సంగతి అతనితోనే మూయబడిపోవును. మనుష్యుని నిజాయితీకి ఇంతకంటె ఒంటరియైన పరీక్ష అరుదు.

మొదట తుప్పు అనగా ఏమిటో తెలిసికొందము. ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు, ఈ మూడును కలిసినచోట ఇనుము కొంచెము కొంచెముగా తుప్పుగా మారును. ఉప్పు తోడైనచో ఆ మార్పు మరింత వేగముగా జరుగును. అందుచేతనే సముద్రతీరపు ఊళ్లలో బండ్లు త్వరగా చెడును. పొటాషు ఎరువు బస్తాలు మోసిన ట్రాక్టరు ట్రక్కు అడుగురేకు ముందుగా చిల్లులు పడుటకును ఇదియే కారణము. వరిచేల గట్లమీద తిరిగిన బండికి మడ్డుగార్డు క్రింద బురద పట్టియుండును. ఆ బురద పైకి ఎండినట్లు కనబడినను లోపల తేమను పట్టియుంచి, రేయింబవళ్లు ఇనుమును తినుచుండును.

ఇక ముఖ్యమైన సంగతి. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెండింతలు, అంతకు మించియు చోటు కోరును. కాబట్టి తుప్పుమీద రంగు వేసినచో అది ఊరక పడియుండదు. లోపల ఉబ్బి రంగును పైకి నెట్టును, పొక్కు లేచును, పొక్కు పగులును, ఆ పగులులో వానచుక్క దిగును. రంగు పూత తుప్పును చంపలేదు, కొన్నినెలలు మన కంటికి మరుగుచేయును అంతే. ఈ లోపల యజమానుడు తన బండి బాగున్నదని నమ్ముచుండును. తుప్పు కనబడినంతకాలము మనుష్యుడు దానిని గూర్చి ఏదైనను చేయును. కనబడకుండ చేసికొన్న దినముననే దానిని గూర్చి చింతించుట మానివేయును. అట్టి రంగువలన కలుగు మొదటి నష్టము ఇదియే.

సరియైన పని ఏలాగు జరుగును? ముందు సబ్బునీటితో బురదయు జిడ్డును పోవునట్లు కడగవలెను. జిడ్డుమీద ఏ రంగును పట్టదు. పెచ్చులు లేచిన పాత రంగును, తుప్పును వైరు బ్రష్షుతో గీకవలెను. తరువాత 80 నంబరు గరుకు కాగితముతో మొదలుపెట్టి, 180, 320 వరకు క్రమముగా నునుపు చేయవలెను. నంబరు పెరిగినకొలది కాగితపు గరుకు తగ్గును. తుప్పు పోయి లోహము మెరసినచోట పొడిబట్టతో తుడిచి, ఆలస్యము చేయక ఆ దినమే రెడాక్సైడువంటి ప్రైమరు పూయవలెను. ఏలయనగా గీకిన ఇనుము తడిగాలిలో ఒక్క రాత్రిలోనే మరల ఎర్రబారగలదు. సొట్టలున్నచోట లప్పము పలుచగా పెట్టి, ఆరిన తరువాత 400, 600 నంబరు కాగితమును నీటిలో తడిపి రుద్దవలెను. పూర్తిగా ఆరనిచ్చి, ధూళి తుడిచి, అప్పుడు రంగు డబ్బా మూత తీయవలెను.

రంగునైనను ఒక్కసారిగా చిక్కగా పూయరాదు. చిక్కని పూత క్రిందికి కారును. పైపొర ఆరి లోపల పచ్చిగా నిలిచిపోవును. పలుచని పూతలు రెండు మూడు, ఒకటి ఆరిన తరువాత మరియొకటి వేయవలెను. ముసురు పట్టిన దినము పనికిరాదు, మిట్టమధ్యాహ్నపు ఎండ పనికిరాదు, ధూళి లేపు గాలి పనికిరాదు. మొదటిసారి ఈ పనికి పూనుకొన్నవారికి ఒక వింత తోచును. రెండు మూడు దినములు శ్రమపడిన పనిలో రంగు పూయుటకు పట్టినది కొన్ని గడియలే. మిగిలినదంతయు రంగు క్రింద మరుగుపడిపోవు పనియే. లోకము మెచ్చుకొనునది చివరి పూతను, బండిని నిలిపియుంచునది మొదటి రుద్దుడు.

ఆతురపడువారు ఈ క్రమమును తప్పింపజూచుట సహజమే. మోటారు కార్లు పుట్టిన తొలిదినములలో ఒక్క బండి రంగు పూర్తియగుటకు వారములు పట్టుచుండెను. హెన్రీ ఫోర్డు 1914 మొదలు 1925 వరకు తన టి మోడలు కార్లను నల్లరంగుతోనే పంపెను. త్వరగా తయారగుట ఆయనకు ముఖ్యము. తరువాత డ్యూపాంటు కంపెనీవారు డ్యూకో అను త్వరగా ఆరెడు లక్క రంగును కనిపెట్టగా, జనరల్ మోటార్స్ వారు దానిని 1924 నాటి ఓక్లాండు కార్లకు నీలిరంగుగా వాడిరి. వారములు పట్టిన పని దినములకును, పిమ్మట గంటలకును దిగెను. ఆరుట త్వరపడినది గాని, క్రింది లోహమును శుభ్రపరచుట మాత్రము ఎవరును తీసివేయలేకపోయిరి. నేటి కర్మాగారములలో సహితము బండి రేకును మొదట కడిగి, ఫాస్ఫేటు ద్రావణముతో శుద్ధిచేసి, ప్రైమరు పట్టించిన పిమ్మటనే రంగు వేయుదురు. నిమిషమునకు వెలకట్టు వ్యాపారస్థులే తప్పింపలేని మెట్టును ముంగిట కూర్చున్న మనము తప్పింపగలమా?

మన దేశములోనే దీనికొక ప్రాచీన సాక్షి గలదు. ఢిల్లీలో కుతుబ్ మీనారు ప్రక్కన గుప్తరాజుల కాలపు ఇనుప స్తంభమొకటి నిలిచియున్నది. ఎత్తు సుమారు 7 మీటర్లు, బరువు 6 టన్నులకు పైబడి, వయస్సు సుమారు 1600 ఏండ్లు. ఇన్ని వానలకు తడిసియు అది శిథిలము కాలేదు. కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆచార్యుడుగానుండిన ఆర్. బాలసుబ్రహ్మణ్యముగారు దానిని శోధించి కారణము చెప్పిరి. ఆ ఇనుములో ఫాస్ఫరసు పాలు ఎక్కువ. అందుచేత లోహమును అంటుకొని ఒక పలుచని పొర ఏర్పడి దానిని కాయుచున్నదట. దానికి ఎవరును మెరుగు పూయలేదు. ఇనుమును తాకియున్న పొరయే ఇనుమును కాపాడినది. పైకి మెరయు పొర ఎంత అందమైనను, లోహమును తాకియున్న పొర చెడినదైనయెడల అది నిలువదు.

ఇప్పుడు కొందరు ఇట్లందురు. “బండి నాది, డబ్బు నాది, శ్రమ నాది. నేను తుప్పుమీద రంగు వేసికొన్నచో మోసపోవువాడను నేనే. ఇందులో పాపమేమున్నది?” ఈ మాట పైకి న్యాయముగా తోచును. కాని కొంచెము నిదానించి చూతము.

బండి మీదియే. అయితే దాని వెనుక కూర్చుండు భార్య, ట్యాంకుమీద కూర్చుండు పసిబిడ్డ, సంతకు పోవునప్పుడు ఎక్కించుకొను ముసలి తండ్రి, వీరి ప్రాణములు కూడ ఆ ఇనుముమీద ఆనియున్నవి. అతుకువద్ద తుప్పు పట్టిన ఫ్రేము, పెచ్చులూడిన ఫుట్‌రెస్టు రంగుచేత బలపడవు. రంగు లేనియెడల పగులు కంటికి కనబడి యుండెడిది, మెకానిక్కు హెచ్చరించి యుండెడివాడు. వెనుక కూర్చున్నవారు బండి నడుపువానిని నమ్ముదురు గాని వంగి అతుకులు పరీక్షింపరు. మనలను నమ్మి పరీక్షింపనివారి విషయములోనే మన బాధ్యత ఎక్కువ.

మరియొకడు కూడ ఉన్నాడు. అతడు ఇంకను మన గుమ్మమునకు రాలేదు. రెండు మూడేండ్లకు ఈ బండిని కొనబోవువాడతడు. బహుశః ప్రక్క ఊరి పాలవాడు కావచ్చును, కూలిడబ్బులు కూడబెట్టిన యువకుడు కావచ్చును. మెరుగుచూచి ధర యిచ్చును, వానకాలము వెళ్లకముందే పొక్కులు లెక్కపెట్టుకొనును. ఆనాడు మనము ఒక్క అబద్ధమైనను ఆడనక్కరలేదు. మనము పూసిన రంగే మన పక్షమున ఆడును. నోటితో అబద్ధమాడుటకు సిగ్గుపడువారు అనేకులు తమ వస్తువులచేత అబద్ధమాడించుటకు వెనుదీయరు. పుచ్చు మిరపకాయను సంచి అడుగున వేయుటయు, పొట్టకట్టిన పాడియావు లోపమును చెప్పక అమ్ముటయు, తుప్పుమీద రంగు పూయుటయు ఒకే వంశములోనివి.

ఇంకొక నష్టము మనలోపలనే కలుగును. “ఎవరు చూచుచున్నారు” అని ఒక చోట విడిచినవాడు మరియొక చోటను అదే మాట చెప్పుకొనును. పొలము గట్టు సరిహద్దువద్ద, సంఘపు లెక్కల పుస్తకమువద్ద, బిడ్డలకిచ్చిన మాటవద్ద ఆ మాటయే నోటికి వచ్చును. అలవాటు కూడ తుప్పువంటిదే, మొదట చుక్కగా పుట్టి రంగుక్రింద విస్తరించును.

ఇంతమాత్రముచేత రంగు వేయుటయే కపటమని తలంచరాదు. మన వేదగ్రంథములో రెండు పూతలు గలవు. ఒకటి సున్నము కొట్టిన సమాధుల పూత. లోపల ఎముకలుండగా వెలుపల తెల్లగా కనబడునదని ప్రభువు దానిని నిందించెను. మరియొకటి నోవహు ఓడకు పూసిన కీలు. అది దేవుడు ఆజ్ఞాపించిన పూత. ఆ ఆజ్ఞలో ఒక సంగతి గమనింపదగినది. వెలుపల మాత్రమే గాక లోపలను పూయుమని చెప్పబడినది. లోపలి ప్రక్కను ఏ బాటసారి చూడడు. కాని లోపల ఉన్నది నోవహు కుటుంబము. మొదటి పూత చూచువారికొరకైనది, రెండవది లోపల ఉన్నవారికొరకైనది. ఒకటి కప్పినది, మరియొకటి కాపాడినది. మన చేతిలోని బ్రష్షు ఈ రెంటిలో ఏ పని చేయుచున్నదో రంగునుబట్టి తెలియదు, రంగు క్రింద ముందుగా ఏమి చేసితిమో దానినిబట్టి తెలియును.

మరి తీరికయు డబ్బును చాలనివాడు ఏమి చేయవలెను? ఇది ఊరక అడిగెడి ప్రశ్న కాదు. మన సంఘములలో అధికులు అట్టివారే. బండి యంతయు శుద్ధిచేయ శక్తి లేనివాడు ఒక్క మడ్డుగార్డునే తీసికొని దానిని సంపూర్ణముగా చేయును గాక. మరుసటి నెల మరియొక భాగము. రెండు రంగులుగా కనబడు బండినిచూచి నవ్వువారుందురు, నవ్వనిండు. ప్రైమరు మాత్రమే పూసి ఎక్కువకాలము విడువరాదు, అది తేమను ఆపజాలదు గనుక చేసినంతమేర పైపూతతో ముగింపవలెను. కొంచెమే చేసి అది సత్యముగా చేయుట, అంతయు చేసి అది అసత్యముగా చేయుటకంటె శ్రేష్ఠము. బీదతనము చిన్న పనిని కోరవచ్చును గాని, కపటపు పనిని కోరదు.

ఈ పనిలో పొరుగువారియెడల మనకున్న కర్తవ్యములును కొన్ని కనబడనివే. థిన్నరు ఆవిరి మత్తెక్కించును, నిప్పును ఇట్టే అందుకొనును. కాబట్టి గాలి ఆడు చోట, పొయ్యికి దూరముగా, చుట్టలు బీడీలు లేక పని చేయవలెను. పెట్రోలు ట్యాంకు దగ్గర నిప్పురవ్వలు లేపు యంత్రము ఎన్నడును వాడరాదు. పాత రంగులలో సీసము ఉండవచ్చును. మన దేశములో ఇండ్ల రంగులలో సీసము పదిలక్షలలో 90 పాళ్లకు మించరాదను నియమము 2016లో ప్రకటింపబడి 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చెను గాని, పాత బండిమీది రంగు ఆ నియమమును ఎరుగదు. పొడిగా రుద్దక నీటితో రుద్దుట, బిడ్డలను దూరముగా ఉంచుట, భోజనమునకు ముందు చేతులు కడుగుట మరువరాదు. గట్టిదనము కలుపు ద్రవముతో కలిపి తుంపరగా కొట్టెడి రెండు పాళ్ల రంగులు ఊపిరితిత్తులకు మిక్కిలి హాని చేయును, వాటిని ఇంటివద్ద ముట్టక అందుకు తగిన ఏర్పాట్లున్నవారికి విడువవలెను. మిగిలిన థిన్నరును బావిగట్టునను కాలువలోను పోయరాదు. ఆ నీరు త్రాగువారు మనలను చూడలేదు గదా అనుట పై ప్రశ్ననే మరియొక రూపమున అడుగుట.

ప్రభుత్వమువారి విధులును ఉన్నవి. బండి నమోదు పత్రములో రంగు వ్రాయబడియుండును. రంగు మార్చినచో రవాణా కార్యాలయమువారికి తెలిపి ఆ మార్పు వ్రాయించుకొనవలెను. సైన్యపు బండ్లకు వాడు ఆలివు పచ్చరంగు ఇతరులు వేయరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు చెప్పుచున్నవి. ఛాసిస్ నంబరు చెక్కిన చోటును కాగితముతో మూసి, రంగు పడకుండ చూచుకొనవలెను. ఆ అంకెలు బండికి పేరువంటివి, వాటిని పూడ్చుట ఎవరికిని మేలు కాదు.

చివరగా, ఊరి పెయింటరును గూర్చి ఒక మాట. మన బండికి మనమే రంగు వేసికొన్నంతమాత్రమున అతని అన్నము తీసివేసినట్లు కాదు. రెండు దినములు గరుకు కాగితముతో రుద్దినవానికి వ్రేళ్ల చర్మము లేచినప్పుడు ఒక సంగతి తెలియును. పెయింటరు అడిగిన కూలిలో అధికభాగము రంగుకు కాదు, మనకు కనబడని రుద్దుడుకే. ఇకమీదట అతనితో బేరమాడునప్పుడు “పూయుటకు గంట పట్టలేదే” అని మనము అనజాలము. కనబడని పనికి కూలి తగ్గించువారే కనబడని పనిని ఎగవేయుట నేర్పుచున్నారు. ఈ సంగతి యజమానులు తమ మనస్సున ఉంచుకొందురు గాక.

కాబట్టి ప్రియులారా, ఈ యెండకాలమున మీలో ఎవరైనను బండికి రంగు వేయ పూనుకొన్నచో, డబ్బా మూత తీయకముందు బండిని వెల్లకిల వేసి లోపలి ప్రక్క చూడుడి. బురద పట్టినచోట, నీరు నిలుచుచోట వ్రేలుపెట్టి తడవుడి. అక్కడ మొదలుపెట్టుడి. మీ బిడ్డలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఈ చోటు రేపు ఎవరికిని కనబడదని చెప్పి, వారి కన్నుల యెదుటనే దానిని గీకుడి. ఎందుకు నాన్నా అని వారడుగుదురు. మీరిచ్చు జవాబు వారికి రంగుకంటె ఎక్కువకాలము జ్ఞాపకముండును.